వరదలో నిలిచిన విశ్వాసం మోటారు దగ్గర ఎందుకు జారిపోతోంది?

సింగ్‌నగర్ సోదరి (విజయవాడ):

అందరికీ వందనాలు. ఈ ప్రశ్న అడగడానికి నాలుగు రోజులుగా వెనకాడుతున్నాను. మా సంఘం పాస్టరు అయ్యగారినే అడగవచ్చు గాని, అడిగితే వచ్చే ఆదివారం ప్రసంగంలో పేరు లేకుండా నా కథే వినబడుతుందేమోనని భయం. అందుకే ముఖపరిచయం లేని మీ ముందు పెడుతున్నాను.

మేము విజయవాడ సింగ్‌నగర్‌లో కింది పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాము. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు మంచాలు, బియ్యం, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మా వారి పనిముట్ల పెట్టె, అన్నీ మునిగిపోయాయి. పైఅంతస్తు వారి రెండు గదుల్లో పదకొండు మందిమి తలదాచుకున్నాము. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, పడవలో ఎవరైనా పాల ప్యాకెట్లు తెస్తే పిల్లల కోసం పిట్టగోడ మీదికి వంగి చేతులు చాచేవాళ్లము. అంతటి చీకటిలోనూ మా అత్తగారు ప్రతి రాత్రి పాట ఎత్తుకునేవారు, మేమందరమూ అందుకునేవాళ్లము. అది గొప్ప కోసం చెప్పడం లేదు. నిజంగానే ఆ రోజుల్లో నాకు దేవుని మీద ఒక్క ఫిర్యాదు కూడా కలగలేదు.

మరి ఇప్పుడు సంగతి వినండి. నిరుడు మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. ఆమె నోట స్పష్టంగా వచ్చే మాట ఒక్కటే మిగిలింది, అది ‘స్తోత్రం’. ఆకలి వేసినా స్తోత్రమే, దోమ కుట్టినా స్తోత్రమే. మొన్న సోమవారం తెల్లవారి ఐదున్నరకు ఆమెకు స్నానం చేయిస్తున్నాను. ఏడున్నరకల్లా నేను బడికి బయలుదేరాలి, ఒక ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. తలకు, ఒంటికి సబ్బు పూసి కొళాయి తిప్పితే రెండు చుక్కలు రాలి ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ, బయటికి వెళ్లి స్విచ్చి వేస్తే మోటారు మూలిగి కాలిన వాసన వచ్చింది. ఆరు నెలల్లో అది కాలిపోవడం మూడోసారి. ఇంటివారు ‘సగం మీరే పెట్టుకోవాలి’ అంటారు, మా వారికి రెండు నెలలుగా జీతం సరిగా అందడం లేదు. తిరిగి వచ్చేసరికి స్టూలు మీద నురుగుతో కూర్చున్న అత్తగారు నన్ను చూసి ‘స్తోత్రం’ అన్నారు. నా చేతిలోని మగ్గు గోడకు వేసి కొట్టాను. ‘దేనికి స్తోత్రం, కాలిపోయిన మోటారుకా?’ అని అరిచాను. ఆమె ఎడమ చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను కొడతానని అనుకున్నారో ఏమో.

ఈ ఆదివారం మా సంఘంలో కృతజ్ఞతా కానుకల దినము. కవరు మీద పేరు, మొత్తం, ఆ కింద ‘ఏ మేలు నిమిత్తము’ అని ఒక గీత ఉంటుంది. సెక్రటరీ గారు ప్రతి కవరునూ చదివి వినిపిస్తారు. నాలుగు రోజులుగా ఆ గీత మీద ఏమీ రాయలేకపోతున్నాను. అంత పెద్ద వరదలో నిలిచిన విశ్వాసం ఒక మోటారు దగ్గర ఎందుకు జారిపోతోంది? కృతజ్ఞత లేని మనసుతో కానుక వేయవచ్చునా?

బ్రాడీపేట మాష్టారు (గుంటూరు):

అమ్మా, నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైనవాడిని, కాబట్టి నా సమాధానం వ్యాకరణంతోనే మొదలవుతుంది, ఓపిక పట్టండి. మీ కవరు మీద అచ్చు వేసిన మాట ‘నిమిత్తము’. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయం పద్దెనిమిదో వచనంలో ఉన్న మాట ‘ప్రతి విషయమునందును’. ‘నందు’ అంటే లోపల, ఆ స్థితిలో ఉండగా అని అర్థం. మూలమైన గ్రీకులోనూ అక్కడ ఉన్న విభక్తి భావం అదే. మోటారు కాలిపోయినందుకు స్తుతించమని ఆ వాక్యం మిమ్మల్ని అడగడం లేదు. మోటారు కాలిపోయిన ఆ ఉదయంలో నిలబడి కూడా దేవునితో సంబంధం తెంచుకోవద్దని అడుగుతోంది. మీరు నిమిత్తం వెతికారు, అది దొరకలేదు. దొరకకపోవడం మీ తప్పు కాదు.

రెండో సంగతి. మన సంఘాల్లో సాక్ష్యం అంటే ఎప్పుడూ మేలుతో ముగిసేదే చెబుతారు. జబ్బు వచ్చింది, ప్రార్థించాము, తగ్గింది. ఉద్యోగం పోయింది, ఉపవాసం ఉన్నాము, ఇంకా మంచిది వచ్చింది. తగ్గని జబ్బు ఉన్నవారు చివరి బల్ల మీద కూర్చుని ఊరుకుంటారు. కాని మన చేతుల్లో ఉన్న కీర్తనల గ్రంథం అలా లేదు. 150 కీర్తనలలో దాదాపు మూడోవంతు మొరలే. వాటిలో 88వ కీర్తన ఎలా ముగుస్తుందో ఈ రాత్రి తీసి చూడండి. చీకటి అన్న మాటతో ముగుస్తుంది, వెలుగు రాదు. దానిని గ్రంథంలో నుండి తీసివేయాలని ఎవరికీ తోచలేదు. యోబు సంగతీ అంతే. ‘యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను’ అన్న మొదటి అధ్యాయపు మాటను సమాధుల దగ్గర చదువుతాము గాని, మూడో అధ్యాయంలో తాను పుట్టిన దినాన్నే శపించిన యోబును ఎవరూ చదవరు. చివరకు దేవుడు తప్పుపట్టింది అలా మొరపెట్టిన యోబును కాదు, పక్కన కూర్చుని చక్కటి సమాధానాలు చెప్పిన స్నేహితులను. (నేనూ ఇప్పుడు ఆ స్నేహితుల వరుసలోనే కూర్చున్నానేమోనన్న అనుమానంతోనే రాస్తున్నాను.)

బైబిలు నిందించేది మొరను కాదు, సణుగుడును. అరణ్యంలో ఇశ్రాయేలీయులు తమ గుడారాల్లో కూర్చుని, దేవునికి వీపు చూపించి, ఆయన గురించి ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. మొర పెట్టేవాడు ఆయన ముఖం వైపు తిరిగి ఉంటాడు, మాట ఎంత కటువైనా సరే. మీరు మగ్గు విసిరింది గోడకు. అదే మాట పైకి చూసి అడిగి ఉంటే అది ప్రార్థనే అయ్యేది.

ఇక చిన్న కష్టాల సంగతి. మా గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అందరికీ తెలుసు. అమెరికా మిషనరీ డాక్టర్ ఆన్నా కుగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చేనాటికే పట్టా పొందిన వైద్యురాలు. కాని ఆమెను పంపిన మిషను అప్పటికి వైద్యసేవ మొదలుపెట్టలేదు గనుక ఆమెకు అప్పగించినవి బడులు, స్త్రీల మధ్య బోధన. ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నది 1898లో. అంటే పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లలోని ఎండలు, రాని ఉత్తరాలు, సరిపోని డబ్బు, మొదట్లో పాఠాలు చెబుతూ చేతిలోని విద్యను మధ్యమధ్య మాత్రమే వాడుకోవడం, వీటిని మనము ఒక్క వాక్యంలో దాటేస్తాము. ఆమెకు మాత్రం అవి ఒక్కొక్క రోజుగానే గడిచి ఉంటాయి.

మిర్చి యార్డు పక్కన (గుంటూరు):

మాష్టారికి వందనాలతో ఒక అభ్యంతరం చెప్పాలి. థెస్సలొనీక పత్రికలో ‘నందు’ ఉన్న మాట నిజమే. కాని ఎఫెసీయులకు రాసిన పత్రిక ఐదవ అధ్యాయం ఇరవయ్యో వచనంలో ‘సమస్తమునుగూర్చి’ కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని ఉంది. అక్కడ విభక్తి మనకు సాయం రాదు. ఆ వచనాన్ని పక్కకు నెట్టి ఓదార్చడం నాకు నచ్చదు, ఎందుకంటే ఆ వచనంతో నేను మా నాన్నగారి పక్కన నిలబడి ఒక ఏడాదంతా పోట్లాడాను.

మాది ప్రత్తిపాడు వైపు పల్లెటూరు, నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తాము. 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన ధర 2025 మొదట్లో సగానికి పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం, ధర పడిపోయినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు అని ప్రకటించినా, మా కౌలు, కోత కూలి, మందుల బాకీ కలిపి చూస్తే అది నష్టాన్ని లెక్కపెట్టుకోవడానికే పనికివచ్చింది. కోత కూలీలకు ముందే ఇచ్చేశాము గనుక కాయను చెట్టు మీద వదలడానికీ లేదు. యార్డులో రెండు రాత్రులు టిక్కీల (మిర్చి బస్తాల) మీదనే పడుకున్నాము. ఆ ఘాటుకు కళ్లు మండి, దగ్గు ఆగక, కొనేవాడు వచ్చి గుప్పెడు కాయ తీసి విరిచి చూసి, తాలు (రంగు పోయిన కాయ) ఎక్కువగా ఉందని పెదవి విరిచి వెళ్లిపోతుంటే నాకు కలిగిన కోపం ఇంతా అంతా కాదు.

ఆ ఏడాది మా సంఘంలో కోత పండుగకు నాన్నగారు ఎప్పటిలాగే ఒక టిక్కీ మంచి కాయ ఏరి తీసుకువెళ్లారు. ‘ఈ ధరకు కూడా ప్రథమ ఫలమా?’ అని నేను దారిలో బండి ఆపి గొడవపడ్డాను. ఆయన ఏ వాక్యమూ చెప్పలేదు. ‘కాయ బాగానే కాసింది గదరా, ధర తగ్గించింది మనుషులు’ అన్నారు. పొలం ఇచ్చిన దానిని, బజారు తీసుకున్న దానిని ఆయన రెండు వేరు వేరు పద్దుల్లో రాసుకున్నారు. నేను రెంటినీ కలిపి దేవుని ఖాతాలో వేసి దేవుడినే నిందించాను. ‘సమస్తమునుగూర్చి’ అన్న మాటను మా నాన్నగారు ఎలా అర్థం చేసుకున్నారో నేను పూర్తిగా చెప్పలేను గాని, ఆయన మనుషుల తప్పుకు దేవునికి కృతజ్ఞత చెప్పలేదన్నది మాత్రం చూశాను. వేలంపాటలో ఆ టిక్కీని మా ఊరి కిరాణా వర్తకుడు యార్డు ధర కంటే ఎక్కువకు పాడుకున్నారు. దానితో మా బాకీ తీరలేదు. ఇప్పటికీ సగం ఉంది.

అక్కా, మీ మోటారు కూడా మూడుసార్లు కాలిందంటే అది శోధన కంటే ముందు వైండింగ్ పని సరిగా చేయకపోవడం. లేదా బోరులో నీటిమట్టం పడిపోయి మోటారు ఉత్తిగా తిరగడం. ఇంటివారు సగం అడగడం న్యాయం కాదు. ఆ సంగతి ఇంటివారితో తేల్చుకోండి, దేవునితో కాదు.

బ్రాడీపేట మాష్టారు:

ఎఫెసీ వచనం విషయంలో తమ్ముడు చెప్పినది ఒప్పుకుంటున్నాను, దానిని దాటవేయడం నా పొరపాటు. ఒక్కటి చేరుస్తాను. కృతజ్ఞత గురించి అన్నిసార్లు రాసిన పౌలే తన శరీరంలోని ముల్లును తీసివేయమని మూడుసార్లు వేడుకున్నట్లు రెండో కొరింథీ పత్రికలో చెప్పుకున్నాడు. ముల్లు గుచ్చుకోలేదన్నట్లు నటించలేదు. సంతృప్తిని కూడా తాను ‘నేర్చుకొనియున్నాను’ అంటాడు ఫిలిప్పీ పత్రికలో, అదీ బంధకాలలో ఉండి. నేర్చుకున్నాడంటే అంతకు ముందు రానిదేగా.

రాత్రి డ్యూటీ (గుంటూరు):

చెల్లెమ్మా, నేను ఇరవై రెండేళ్లుగా నర్సును. వాక్యం చెప్పేంత దాన్ని కాను గాని, పైన ఎవరూ మీ అత్తగారి గురించి మాట్లాడలేదు గనుక రాస్తున్నాను.

మెదడు ఎడమవైపు దెబ్బతిన్నప్పుడు కుడి చెయ్యి, కాలుతో పాటు మాట కూడా పోవడం మేము తరచుగా చూస్తాము. అలాంటివారు తమ మనసులోని సంగతిని కొత్తగా మాటల్లో కూర్చుకోలేరు. అయితే ఏళ్ల తరబడి నోట నానిన మాటలు కొన్ని చెక్కుచెదరకుండా మిగిలిపోతాయి. కొందరికి అంకెలు, కొందరికి దేవుని పేరు, కొందరికి తిట్లు. (మా వార్డులో ఒక పెద్దాయనకు ఒక బూతు మాట ఒక్కటే మిగిలింది, ఆయన భార్య సిగ్గుతో చచ్చిపోయేది.) మీ అత్తగారికి మిగిలినది స్తోత్రం. ఆ సోమవారం ఆమె మీకు పాఠం చెప్పడం లేదు, మిమ్మల్ని ఎత్తిపొడవడమూ లేదు. కంట్లో సబ్బు పడి మండుతోందని చెప్పారేమో. చలి వేస్తోందని చెప్పారేమో. ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క గిన్నే, అన్నీ అందులోనే పోసి ఇస్తున్నారు. ఆ మాటను అర్థంతో కాకుండా గొంతుతో వినండి, ఎత్తు తగ్గు వేరుగా ఉంటాయి. ఇంకొకటి, మాట పోయినవారిలో కొందరు పాట పాడగలుగుతారు. వరదలో ఆమె ఎత్తుకున్న పాటనే మీరు మొదలుపెట్టి చూడండి. స్పీచ్ థెరపీ చేయించకపోతే డాక్టరుగారిని అడగండి, ఏడాది దాటినా కొంత ఫలితం ఉండవచ్చు.

ఇక మీ ప్రశ్న. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద నాలుగు వందల యాభైమంది బయలు ప్రవక్తల ఎదుట ఒంటరిగా నిలబడ్డాడు. ఆ వెంటనే యెజెబెలు రాణి పంపిన ఒక్క కబురుకు పారిపోయి బదరీవృక్షం కింద పడి, చచ్చిపోతే బాగుండునన్నాడు. కొండ మీద నిలిచినవాడే చెట్టు కింద కూలిపోయాడు, మీ వరద, మీ మోటారు లాగానే. అప్పుడు దేవదూత వచ్చి మందలించలేదు, నీ విశ్వాసమేమైందని అడగలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, తిను అన్నాడు. దేవుడు మాట్లాడినది ఆ తరువాతే. నాకు ఆ అధ్యాయం చదివినప్పుడల్లా ఇది మా డ్యూటీ చార్టులాగే ఉందే అనిపిస్తుంది.

వరదలో మీరు పదకొండుమంది. ఇప్పుడు తెల్లవారి ఐదున్నరకు స్నానాల గదిలో మీరు ఒక్కరే. తేడా విశ్వాసంలో ఉందో, మనుషుల లెక్కలో ఉందో చూసుకోండి. మీరు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? మీ వారికి తోబుట్టువులు లేరా? వారానికి రెండు ఉదయాలైనా మీ ఆడబిడ్డో తోడికోడలో రావాలి, లేదా మీ వారే తల్లికి స్నానం చేయించాలి. కొడుకు చేయిస్తే తప్పేమీ లేదు. మగ్గు సంగతి మాత్రం ఊరికే వదిలేయకండి. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకున్నారంటే భయపడ్డారు. ఆమెకు మాట రాదు గాని అర్థం అవుతుంది. పక్కన కూర్చుని, తప్పయిందని నోరు తెరిచి చెప్పండి.

సింగ్‌నగర్ సోదరి:

అందరికీ వందనాలు. ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

అక్కా, మీ జవాబు చదివిన రాత్రే అత్తగారి మంచం పక్కన కూర్చుని తప్పయిందని చెప్పాను. ఆమె నా జుట్టు మీద ఎడమ చెయ్యి వేసి ‘స్తోత్రం’ అన్నారు. దానికి అర్థం క్షమించానని అయి ఉంటుంది, లేదా దిండు సరిచేయమని అయినా అయి ఉంటుంది, నేను రెండూ అనుకుని దిండు సరిచేశాను. పాట ఎత్తుకుంటే మొదటి చరణంలో మూడు మాటలు కలిపారు. మా వారు వంటగదిలో నుండి పరుగెత్తుకుని వచ్చారు. ఇప్పుడు బుధ, శనివారాలు స్నానం ఆయన వంతు. ఆడబిడ్డ రానన్నది, ఆ సంగతి వేరే.

తమ్ముడు చెప్పినట్లు మెకానిక్కుతో బోరు చూపించాము. నీళ్లు కిందికి దిగిపోయాయట, మోటారును ఇంకో రెండు పైపులు దించాలన్నాడు. ఇంటివారితో రెండుసార్లు మాట్లాడాము, ఇంకా తేలలేదు. అంతవరకు పైఅంతస్తు వారి కొళాయి నుండి బిందెలతో మోస్తున్నాము, నడుము పట్టేసింది, ఉదయాల్లో ఇప్పటికీ విసుక్కుంటూనే ఉన్నాను.

కవరులో వంద రూపాయలు పెట్టాను. మాష్టారి మాట మనసులో పెట్టుకుని, ‘నిమిత్తము’ అన్న అచ్చు మాటను పెన్నుతో కొట్టివేసి ఆ గీత మీద ‘మోటారు కాలిన వారమునందు’ అని రాశాను. సెక్రటరీ గారు గృహప్రవేశం నిమిత్తము, కుమార్తె సీటు నిమిత్తము అని గబగబ చదువుకుంటూ వచ్చి నా కవరు దగ్గర ఆగారు, కళ్లజోడు సవరించుకున్నారు, పేరు మాత్రం చదివి తరువాతి కవరు తీశారు. వెనక బల్ల మీద ఎవరో పెద్దామె ‘ఏం రాసింది, ఏం రాసింది?’ అని పక్కవారిని అడగడం నాకు వినబడింది.

లోపలి నుండి పిలుస్తున్నారు. మాష్టారూ, ఇంకా అడగవలసినవి ఉన్నాయి, రేపు రాస్తాను. ఇది మంచినీళ్ల స్తోత్రం.